అట్ట మీద పసుపు బొట్టు

పోయిన వారం మనం ఫోటోగ్రాఫర్ సౌందర్యను హోసూరు స్టూడియోలో నడిమధ్య నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం నుంచి ఆ మనిషి కాళ్లు పీకుతున్నా అక్కడే నిలబడి ఉంది. ముందున్న బల్ల మీద, కృష్ణగిరి ల్యాబ్ నుంచి వచ్చి అప్పుడే పార్సెల్ విప్పిన పెళ్లి ఆల్బమ్. బల్లకు అవతల పెళ్లికూతురు నేత్ర తండ్రి తిమ్మరాయప్ప, బేరిగైలో బంతిపూలూ టమాటా వేసుకునే రైతు. పక్కన తిరిగే కుర్చీలో స్టూడియో యజమాని ధనశేఖర్. ఈయన పెళ్లికొడుకు బాలాజికి సొంత మేనమామ కూడా. సూళగిరిలో ఉన్న తన అక్క కొడుక్కి ఈ సంబంధం కుదిర్చిందీ ఆయనే, పెళ్లి ఫోటోలు తన స్టూడియోకే రాయించుకున్నదీ ఆయనే. తిమ్మరాయప్ప మూడో పుట తిప్పాడు. కళ్లద్దాలు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, "ఈ పాప ఎవురమ్మా?" అని అడిగాడు. మనం అక్కడ ఆగాం.

అది ఎగతాళికి అడిగిన మాట కాదు. నిజంగానే ఆయనకు తెలియలేదు.

సౌందర్య వంగి చూసింది. నలుగు పెట్టే ఫోటో అది. పీట మీద నేత్ర, చుట్టూ ముత్తైదువలు. పసుపు పూసిన మొహం, ఆ పసుపు కింద పిల్ల చామన నలుపు, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, అన్నీ కనబడాలి. తీసినప్పుడు ఉన్నాయి, తను ల్యాబ్‌కు పంపినప్పుడూ ఉన్నాయి. ఇప్పుడు ఆ మొహానికి ఎవరో సున్నం కొట్టారు. పుట్టుమచ్చ లేదు, ముక్కు పక్కన నీడ లేదు, పసుపు మచ్చుకైనా లేదు. గడ్డం కింద గీత గీసినట్టు తెలుపు ఆగిపోయింది. ఆ కింద మెడా భుజాలూ చేతులూ పిల్ల సొంత రంగులోనే ఉన్నాయి. తల ఒకరిది, మొండెం ఇంకొకరిది.

పక్క పుట అంతకన్నా రోత. తిమ్మరాయప్ప కూతురి చెంప నిమురుతున్న ఫోటో. చెంపను తెల్లబరిచిన మహానుభావుడు చేతి సంగతి చూసుకోలేదు. చెంపకు తాకిన నాలుగు వేళ్లూ కణుపుల దాకా పాలిపోయి ఉన్నాయి.

తిమ్మరాయప్ప ఆ వేళ్లనూ తన వేళ్లనూ మార్చి మార్చి చూసుకున్నాడు.

"నా చేతికి ఏం తెగులు తగిలిందమ్మా ఇట్ల?"

సౌందర్య ఆల్బమ్‌ను తన వైపు తిప్పుకుంది. ఆయనే మళ్లీ అన్నాడు. "మా ఎంకటమ్మ పోయి పందొమ్మిదేండ్లాయ. ఆ యమ్మది ఫోటో ఒక్కటి కూడా లేదు. ఓటు కార్డులో ఉండేది మసి పట్టి పాయ, మొగమే తెలీదు. నేత్రది అచ్చం వాళ్లమ్మ మొగం, వాళ్లమ్మ రంగు. పాప సూళగిరికి పాయనంటే, ఇంట్లో తెరిచి చూసుకునేదానికి ఇదొకటి ఉంటాదని గదా ఆల్బమ్ వేయమనింది. ఆ మొగం యాడమ్మా?"

తల్లి పోలికే తండ్రికి మిగిలిన ఆస్తి. దాన్ని ఎవరో తుడిచేశారు. తుడిచింది నువ్వేనా అని ఆయన అడుగుతున్నాడు. పెళ్లిరోజు నేత్ర చెయ్యి పట్టుకుని, "నీ రంగు ముట్టను పాపా, నువ్వెట్ల ఉండావో అట్లే వస్తావు" అని మాట ఇచ్చింది కూడా ఈ సౌందర్యే. ఆ మాట ఇప్పుడు బల్ల మీద తెల్లగా పడి ఉంది.

ధనశేఖర్ కుర్చీని ఇటు తిప్పాడు. ఆయన గొంతు ఎప్పుడూ బెల్లం పాకం. ఆడపిల్ల ఎవరు కనబడినా తల్లీ అనకుండా మాట మొదలుపెట్టడు.

"ఇదంతా మా సౌందర్య చదువు బావా. పని బాగానే చేస్తాది, తెలివే రవ్వంత ఎక్కువైపోయింది. ప్రొఫైలూ ప్రొఫైలూ అని ఆరు నెలలుగా నా తల తింటా ఉండాది. ముందంతా అదేమీ లేకుండా సుమ్మనే ఫైల్ పంపిస్తా ఉంటిమి, బాగానే వస్తా ఉణ్ణింది. ఈ యమ్మ ఆ ప్రొఫైల్ పెట్టినప్పటి నుంచి రంగులు తలకిందులు. ఏం తల్లీ, అవునా కాదా?"

"కాదు సార్," అంది సౌందర్య.

ఇక్కడ ఆ ప్రొఫైల్ సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం, కొత్తగా చదివేవాళ్లు ఉంటారు గదా. ఫోటో వేసే ప్రతి మిషన్‌కూ ఒక గుణం ఉంటుంది, ప్రతి కాగితానికీ ఒక గుణం ఉంటుంది. ఒకటి ఎరుపును ఎగదోస్తుంది, ఇంకొకటి పసుపును మింగుతుంది. ఆ గుణాన్ని కొలిచి రాసిపెట్టిన చిన్న ఫైలే ప్రొఫైల్. ల్యాబ్ వాళ్లను అడిగి దాన్ని తెచ్చుకుని కంప్యూటర్‌లో పెట్టుకుంటే, ఆ మిషన్ మీద ఆ కాగితం మీద ఫోటో ఎలా పడుతుందో ముందే తెర మీద కనబడుతుంది. మిషన్ చేసే అల్లరిని లెక్కలోకి తీసుకుని ఫైల్ సిద్ధం చేసుకోవచ్చు. అంతే, ఇందులో మంత్రమూ లేదు మాయా లేదు. ఈ మాటను సౌందర్య ధనశేఖర్‌కు ఇరవై సార్లు చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"నేను పంపిన ఫైల్‌లో తప్పు లేదు సార్. ప్రొఫైల్ తప్పయితే ఆకాశం, చీరలు, గోడలు అన్నీ చెడిపోవాల. ఈడ చూడండి, చీర బాగానే ఉండాది. మొగాలు మాత్రమే పోయినాయి. అందులోనూ ఒక్క మొగమే."

"అయితే ల్యాబ్ వాళ్లు దొంగలంటావా? చంద్రు మనకు పదేండ్ల పరిచయం."

"పోయి చూద్దాం సార్. ఇప్పుడే."

ధనశేఖర్ గబుక్కున లేచాడు. అంత బరువు మనిషి అంత చురుగ్గా లేవడం సౌందర్య ఎప్పుడూ చూడలేదు. "నువ్వెందుకు తల్లీ బస్సుల్లో తిరిగేది? నేను ఫోన్‌లో మాట్లాడి మళ్లీ వేయిస్తాను. బావా, కూర్చో బావా. కాఫీ తెప్పిస్తాను, తాగు." అని గుమ్మం దాకా పోయి తనే కేకేసి కాఫీ తెప్పించాడు. స్టీలు లోటా తిమ్మరాయప్ప చేతిలో పెట్టాడు కూడా.

తిమ్మరాయప్ప కాఫీ తాగాడు. ఇచ్చింది కాదనే మనిషి కాడు. లోటా కింద పెట్టి, ఆల్బమ్‌ను పాత టవల్‌లో చుట్టి సంకలో పెట్టుకున్నాడు.

"పద పాపా. నేను కూడా వస్తాను. ఎవురు చేసినారో నా కండ్లతో చూస్తాను."

"ల్యాబ్ వాళ్లు నీదే తప్పని తేలిస్తే మాత్రం," ధనశేఖర్ వెనక నుంచి నవ్వుతూనే అన్నాడు, "రేపు ఈ పక్కకు రావద్దు తల్లీ."

*

కృష్ణగిరి బస్సులో తిమ్మరాయప్పకు కిటికీ పక్క సీటు దొరికింది. సౌందర్య ఆయన పక్కన సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. మాట్లాడి తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

నిజం చెప్పాలంటే సౌందర్యకు ల్యాబ్ మీద ఎంత ఒళ్లు మండుతోందో, తన మీద తనకూ అంతే మండుతోంది. ఆరేళ్లపాటు తను చేసింది ఏమిటి? ఇదే పాడు పని. ఏ పెళ్లికూతురు వచ్చినా కంప్యూటర్‌లో మొహాన్ని ఎంచుకోవడం, మీటను కుడికి జరపడం, తెల్లబరచడం. మత్తిగిరి పిల్లలను, సూళగిరి పిల్లలను, గులాబీ తోటల్లో ఎండకు మాడిన పిల్లలను, అందరినీ ఒకే డబ్బాలో ముంచి తీసినట్టు తీసింది. "రవ్వంత ఫెయిర్ చేయక్కా" అని వాళ్లు అడిగేవాళ్లు, ఈమె చేసేది. ఒకరోజు తన చెల్లెలి పెళ్లి ఫోటో తెర మీద పెట్టుకుని అలవాటుకొద్దీ మీట జరిపింది. చెల్లెలు మాయమైపోయి ఎవరో పిండిబొమ్మ వచ్చి కూర్చుంది. ఛీ అనుకుంది. ఆ రోజు నుంచి మానేసింది. ప్రొఫైళ్లూ, కొలతలూ, ఈ తిప్పలన్నీ ఆ తరువాత నెత్తికెత్తుకున్నవే.

ఆ తిప్పల్లో ఒకటి ఈ సంచిలో ఉంది. అరచేయి కన్నా రెండింతలుండే బూడిదరంగు అట్ట. ఫోటోగ్రాఫర్లు గ్రే కార్డ్ అంటారు. ఒక్క ఫోటోలో దాన్ని మొహం పక్కన పట్టుకోమంటే చాలు, ఆనాటి వెలుతురులో రంగు ఎటు జారిందో తర్వాత కంప్యూటర్ దగ్గర తెలిసిపోతుంది. అది అచ్చమైన బూడిదరంగు కావాలి, మచ్చ ఉండకూడదు. నేత్ర నలుగు రోజు సౌందర్య ఆ అట్టను పిల్ల చేతికి ఇవ్వబోయిందో లేదో, నేత్ర మేనత్త మారియమ్మ విసురుగా లాక్కుంది.

"శుభమా అని పిల్ల పీట మీద కూర్చోనుంటే బోడి అట్ట ఇస్తావా చేతికి? అదీ బూడిదరంగుది! మీ ఫోటోలోళ్లకు బుద్ధి పుట్టదే!"

అని చెప్పి, అడ్డం పడేలోగా పసుపు గిన్నెలో బొటనవేలు ముంచి అట్ట మూలన అద్దేసింది. మధ్యలో కుంకుమ. ఇంకేముంది, అట్ట కూడా పేరంటానికి వచ్చినట్టయింది. నేత్ర పడీ పడీ నవ్వింది. మచ్చ పడిందని సౌందర్య అప్పుడు పళ్లు నూరుకుంది గానీ, ఎందుకో తుడవబుద్ధి కాలేదు. ఆ బొట్టుతోనే నేత్ర చేత పట్టించి ఒక ఫోటో తీసి, ఎండ తగలకుండా కవర్లో పెట్టి సంచిలో వేసుకుంది.

సూళగిరి రాగానే తిమ్మరాయప్ప కిటికీకి దగ్గరగా జరిగాడు. బస్సు ఆగింది. దిగేవాళ్లు దిగారు. ఆయన బజారు వైపు మెడ సాచి చూశాడు.

"ఆ సందులోనే పెద్దప్పా, నేత్ర వాళ్లిల్లు," అంది సౌందర్య. "వచ్చేటప్పుడు దిగి చూసిపోదామా?"

"వద్దమ్మా. పిలవకుండా ఆడబిడ్డనిచ్చిన ఇంటికి పోతే మర్యాద కాదు. వాళ్లత్త ఏమనుకుంటాదో. పిలిచినప్పుడు పోతాను." అని ఇటు తిరిగి కూర్చున్నాడు. "పెండ్లయి రెండు నెలలాయ. ఇంగా పిలవలేదు."

*

ల్యాబ్ కృష్ణగిరి రౌండానా కూడలి దాటాక ఒక మేడ మీద ఉంది. అద్దం అవతల పెద్ద మిషన్ గుర్రుమంటోంది. మందుల వాసన మెట్ల దాకా వస్తోంది. చంద్రు కంప్యూటర్ ముందు నుంచి లేచి నవ్వబోయాడు. టవల్ విప్పి ఆల్బమ్ తీసిన పెద్దాయనను చూసి ఆ నవ్వు సగంలో మానుకున్నాడు.

"నేను పంపించిన ఫైల్ ఉండాదా చంద్రూ?"

"ఉండాదక్కా. నెల దాకా పెడతాము."

"దాన్ని ముట్టకుండా, రవ్వంత కూడా జరపకుండా, ఇదే కాగితం మీద రెండు ఫోటోలు వేసియ్యి. నలుగు ఫోటో ఒకటి. ఈ అట్ట పట్టుకోనుండేది ఇంగొకటి."

చంద్రు గడియారం చూశాడు, మిషన్ చూశాడు, గోడ మీది దేవుణ్ణి చూశాడు. "చాలా ఆర్డర్లుండాయక్కా ఈ పొద్దు. రేపు పంపిస్తే..."

"బేరిగై నుంచి వచ్చినానప్పా," అన్నాడు తిమ్మరాయప్ప. గట్టిగా ఏమీ అనలేదు. చంద్రు కూర్చుని ఫైల్ తెరిచాడు.

రెండు ఫోటోలు మిషన్ నోట్లోంచి వెచ్చవెచ్చగా బయటికొచ్చాయి. సౌందర్య వాటిని ట్యూబ్‌లైటు కింద చూడలేదు. ట్యూబ్‌లైటు కింద అందరూ రోగిష్టుల్లాగే కనిపిస్తారు. కిటికీ దగ్గరికి పోయి, పగటి వెలుతురులో, సంచిలోంచి అట్ట తీసి ఫోటో పక్కన పెట్టింది. మాటలు చెప్పడం వేరు, తప్పు తనదే అని తేలితే వేరు. రేపటి నుంచి పనీ ఉండదు, ఈ ముసలాయన మొహం చూసే ధైర్యమూ ఉండదు.

అట్ట మీద మారియమ్మ వేలి పసుపు. ఫోటోలోని అట్ట మీద మారియమ్మ వేలి పసుపు. రెండూ ఒకటే. కుంకుమ ఎరుపూ ఒకటే. అట్ట బూడిదరంగు అటు నీలానికి గానీ ఇటు ఎరుపుకు గానీ వెంట్రుకవాసి జారలేదు. ఆ రోజు పళ్లు నూరుకున్న మచ్చే ఈ రోజు సాక్షిగా నిలబడింది. మనసులోనే మారియమ్మకు దండం పెట్టుకుంది సౌందర్య.

"పెద్దప్పా, ఈడకు రా."

తిమ్మరాయప్ప వచ్చి నలుగు ఫోటో అందుకోబోయాడు. "అంచులు పట్టుకో పెద్దప్పా, ఇంగా వేడిగా ఉండాది," అంది. రెండు అరచేతుల్లో పళ్లెం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పసుపు పూసిన నల్లటి మొహం. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. ఎవరి మాటకో నవ్వు ఆపుకుంటూ ఒక పక్కకు పోయిన పెదవి.

"ఇదో," అన్నాడు. "ఇదోనమ్మా మా ఎంకటమ్మ." కూతురి పేరు చెప్పాల్సిన చోట పెళ్లాం పేరు చెప్పానని కూడా ఆయనకు తెలియలేదు. కళ్లద్దాల కింద నుంచి నీళ్లు గడ్డం మీదికి వచ్చాయి. తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ ఫోటో ఉంది.

సౌందర్య చంద్రు వైపు తిరిగింది.

"నా ఫైల్ సరిగా ఉండాది. నీ మిషన్ సరిగా ఉండాది. ప్రొఫైల్ సరిగా ఉండాది. మరి ఆల్బమ్‌లో పడిందెవురు?"

చంద్రు తల గీరుకుని మౌస్ జరిపాడు. తెర మీద ఒక పక్క, ఒక్క నొక్కుతో ఫోటో రంగు మార్చే చిన్న చిన్న మీటలు వరసగా ఉన్నాయి. అందులో ఒకదాని పేరు, నమ్మండి నమ్మకపోండి, పెళ్లికూతురు. దాని మీద ఒక్క నొక్కు నొక్కాడు. నేత్ర మొహం రెప్పపాటులో సున్నం అయిపోయింది.

"ఇదేక్కా. ఎవురికైనా ఇదే. నూటికి తొంభై మంది ఇదే అడుగుతారు. పసుపు రాసుకోనుంటే మాత్రం మిషన్ తికమకపడతాది. మొగం మీద అంత పసుపుంటే, అది ఫోటోలో వచ్చిన రంగు దోషమని అనుకుంటాది. అనుకుని మొత్తం పీకేస్తాది."

"దోషమంట," అంది సౌందర్య. "పసుపు దోషమంట! మిషన్‌కు నలుగంటే తెలీదు, సరి. నీకు తెలీదా? మీ ఇంట్లో పెండ్లి కాలేదా? ఒక ఆడపిల్ల మొగం మీద పసుపు తుడిచేసేది ఎప్పుడో నీకు తెలీదా చంద్రూ?"

చంద్రు ముఖం కందిపోయింది. ఆ మాట అన్నాక సౌందర్యకే నోరు చేదైంది. అయినా వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. ఊరూరా ఎన్ని ఇళ్లల్లో, ఎన్ని గోడల మీద ఈ నొక్కుడు మొహాలు వేలాడుతున్నాయో. కొన్ని తన చేతివే.

"నో కరెక్షన్ అని రాసి పంపించినాను గదా. ఏమీ ముట్టొద్దని రాసినాను."

"రాసినావక్కా. చూసినాను."

"మరి?"

"దాని తర్వాత వేరే మాట వచ్చింది."

"ఎవురు చెప్పినారు?"

చంద్రు అద్దం తలుపు మూసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "నేను పేరు చెబితే నా పని పోతాదక్కా. మీ స్టూడియో ఆర్డర్లు పోతే మా ఓనర్ నన్ను ఉంచడు. నేను ఏమీ చెప్పను. వాట్సాప్‌లో వచ్చిందే వినిపిస్తాను. వినుకో. అంతే."

కంప్యూటర్ పక్కనున్న చిన్న స్పీకర్ గరగరలాడింది. ఒక ఆడపిల్ల గొంతు.

"అన్నా... నేను నేత్రను. సూళగిరి నుంచి మాట్లాడ్తా ఉండాను. మా పెండ్లి ఆల్బమ్ మీ దగ్గరికి వచ్చిందంట. ఫోటోల్లో నా మొగం... తెల్లగా చేయండన్నా. మా అత్తగారి చుట్టాలు చూస్తారంట. సౌందర్యక్కకు చెప్పొద్దన్నా. మా నాయనకు..."

అక్కడ మాట తెగింది. స్పీకర్‌లో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. దాని వెనక కొంచెం దూరం నుంచి ఒక మగ గొంతు, బెల్లం పాకం లాంటిది.

"బాగా తెల్లగా అని చెప్పు. ఏడవకుండా చెప్పు తల్లీ."

"బాగా తెల్లగా చేయండన్నా," అంది నేత్ర. అంతటితో అయిపోయింది.

సౌందర్య బల్లి మీద పడినట్టు భుజాలు దులుపుకుంది. ఎంత తెలివి! తనే ల్యాబ్‌కు ఒక మాట చెబితే పోయేదానికి, పిల్లను కూర్చోబెట్టి, పిల్ల నోటితోనే చెప్పించాడు. రేపు ఎవరైనా నిలదీస్తే, పిల్లే అడిగింది గదా అని చేతులు దులుపుకోవచ్చు. ఇంతలో తండ్రి వచ్చి కూర్చునేసరికి ప్రొఫైల్ మీద తోశాడు, సౌందర్య మీద తోశాడు. తోసి, లోటా తీసి చేతిలో పెట్టాడు. థూ! పొద్దున ఆ బెల్లం గొంతు అన్న ప్రతి తల్లీ ఇప్పుడు ఆమె చెవుల్లో జిగురులా అంటుకుంది.

తిమ్మరాయప్ప స్పీకర్‌కు దగ్గరగా వచ్చాడు. చేతిలో ఫోటో కదల్లేదు.

"ఇంగొకసారి పెట్టప్పా."

చంద్రు పెట్టాడు. ఏడవకుండా చెప్పు తల్లీ అన్న చోట ఆయన కళ్లు మూసుకున్నాడు. మాట అయిపోయాక తెరిచాడు. "నా బిడ్డ అడగలేదు," అన్నాడు తనలో తనే. "నా బిడ్డతో అడిగించినారు." తర్వాత సౌందర్య వైపు చూశాడు.

"ఆ మొగోని గొంతు ఎవురిదమ్మా?"

చంద్రు తల వంచుకున్నాడు. సౌందర్యకు తెలుసు, ముసలాయనకూ తెలుసు. ఆమె నోటి నుంచి వినాలని అడిగాడంతే. చెప్తే రేపు ఆ స్టూడియోలో తన కుర్చీ ఉండదు. ఇంటి బాడుగ, అమ్మ మందులు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. చెప్పకపోతే మాత్రం, ఆ తెర మీది పెళ్లికూతురు అనే మీటను జీవితాంతం తనే నొక్కుతూ కూర్చున్నట్టు.

"పొద్దున నీకు కాఫీ తెప్పించినోళ్ల గొంతు, పెద్దప్పా."

తిమ్మరాయప్ప తల ఊపాడు. నలుగు ఫోటోను టవల్ మడతలో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. ఆల్బమ్‌ను చంద్రు బల్ల మీదికి తోశాడు. "ఇది మీరే పెట్టుకోండప్పా. ఈ పాప ఎవురో మాకు తెలీదు." చొక్కా జేబులోంచి బటన్ల ఫోన్ తీశాడు. "ఆ మాటను దీంట్లో వేసిస్తావా?"

"దీంట్లో పట్టదు తాతా," అన్నాడు చంద్రు.

"నా దాంట్లో వేయి," అంది సౌందర్య.

"అక్కా, తర్వాత నన్ను..."

"వేయి చంద్రూ."

ఆమె చేతిలో ఫోన్ ఒకసారి వణికింది. నేత్ర మాట వచ్చి పడింది. సంచిలోకి అట్టను తోసి, తిరిగి చూసేసరికి పెద్దాయన అప్పుడే మెట్ల దగ్గర ఉన్నాడు, ఒక చేత్తో గోడ పట్టుకుని.

"పాపా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "సూళగిరి బస్సు యాడ నిలుస్తాది?"